షోటోకాన్ కరాటే – ఒక గురుపరంపర



నేడు మన పల్లెలలోని పాఠశాలలయందు సైతము బాలబాలికలు తెల్లని వస్త్రములు ధరించి, నడుమునకు రంగురంగుల దట్టీలు బిగించి, వరుసలు తీర్చి, పిడికిళ్లు ముందునకు చాచుచు ఒక్కపెట్టున కేకలు వేయుట మీలో కొందఱు చూచియుందురు. దానిని కరాటే యందురు. జపాను దేశపు విద్య యందురు. ఇది యెవరు నేర్పిన విద్య యని ఆ పిల్లల నడిగినచో తమ మాస్టరుగారి పేరు చెప్పుదురు. ఆ మాస్టరుగారి గురువెవరు, ఆ గురువునకు గురువెవరు అని వెనుకకు నడచిపోయినచో ఈ కథ యెక్కడికి చేరును? దీనికి సమాధానము చెప్పుటయే నేటి నా ప్రసంగోద్దేశము. కరాటేలో శాఖలు పెక్కు గలవు. లోకమున మిక్కిలి వ్యాపించిన వానిలో నొకటియగు షోటోకాన్ శాఖను నేను గ్రహించితిని. నేను చరిత్ర చదువుకొన్నవాడనే గాని పిడికిలి పట్టి పోరినవాడను గాను. కావున దెబ్బల సంగతి మల్లులకు విడిచి, గురుశిష్యుల సంగతి మాత్రము విన్నవించెదను.

ముందుగా తెలియవలసిన దొకటి గలదు. ఈ విద్యకు పుట్టినిల్లు జపాను ప్రధానభూమి కాదు. జపానునకు దక్షిణమున, చీనాకు తూర్పున, సముద్రమధ్యమున పూసలు గ్రుచ్చినట్లు కొన్ని దీవులు గలవు. వానికి ర్యూక్యూ దీవులని పేరు. వానిలో పెద్దది ఒకినావా. దాని పొడవు సుమారు 65 మైళ్లు మాత్రమే. ఈ దీవులు పూర్వము స్వతంత్ర రాజ్యముగా నుండెను. 1372లో అచ్చటి రాజు చీనాదేశపు మింగు చక్రవర్తికి కానుకలు పంపి మైత్రి నెఱపెను. 1429లో షో హాషి యను రాజు మూడు చిన్న రాజ్యములను ఒక్కటి చేసి షురి నగరమును రాజధానిగా నేలెను. షురికి దాపున నాహా రేవు గలదు. ఆ రేవు నుండి ఓడలు చీనాకును, జపానునకును, కొరియాకును, సయాము, మలక్కా మొదలగు దూరదేశములకును సరకులు మోసికొని పోవుచుండెను. సరకుతోబాటు సంగీతము, వైద్యము, లిపి, మల్లవిద్యయు ఓడ దిగి వచ్చెను. చీనావారి పోరు విధానములు ఒకినావాలో నంతకుముందే యున్న దేశీయమగు చేతిపోరుతో గలసిపోయినవి. ఇట్లు రెండు నీళ్లు గలసి పాఱిన యేఱే తరువాత కరాటే యనిపించుకొన్నది.

1609లో ఈ చిన్న రాజ్యమునకు పెద్ద ఆపద వచ్చెను. జపాను దక్షిణభాగమునందలి సత్సుమా సంస్థానపు ప్రభువులు, షిమాజు వంశమువారు, సైన్యముతో దండెత్తి వచ్చి షురి కోటను పట్టుకొని, రాజగు షో నెయిని చెఱగొనిపోయిరి. తరువాత రాజును తిరిగి పంపిరి కాని పెత్తనము తమ చేతిలోనే యుంచుకొనిరి. చిత్రమేమనగా, చీనాతో వర్తకము చెడకుండుటకై ర్యూక్యూ రాజు చీనా చక్రవర్తికి కానుకలు పంపుట మానలేదు. చీనా రాయబారులు వచ్చినప్పుడు సత్సుమా అధికారులు కనబడకుండ తప్పుకొనెడివారు. ఒక యింటికి ఇద్దఱు యజమానులు. ఒకనికి తెలిసి రెండవవాడు, ఒకనికి తెలియనట్లు రెండవవాడు. ఇట్లు 270 సంవత్సరములు గడచెను. చిన్నవాడు పెద్దవాండ్ర నడుమ బ్రతుకవలసినప్పుడు మాట తగ్గించుకొనుటయు, బలమును దాచుకొనుటయు నేర్చుకొనును. ఈ విద్య రాత్రులయందు, పెరటిలో, మూసిన తలుపుల వెనుక నేర్పబడుట కిట్టి కాలమే తోడయ్యెను.

ఇచట రెండు కట్టుకథలను గూర్చి చెప్పక తప్పదు. మొదటిది: రాజు ఆయుధములను నిషేధించె ననియు, సత్సుమా వారు మిగిలినవి లాగుకొని రనియు, నిరాయుధులైన రైతులు పిడికిలినే కత్తిగా మార్చుకొని యీ విద్యను పుట్టించి రనియు చెప్పుదురు. వినుటకు ఇంపుగనే యుండును. కాని షురి కోటలో 1509లో చెక్కించిన శాసనమున రాజు కత్తులను, విండ్లను దేశరక్షణకై కూడబెట్టె నన్న భావము గలదే గాని జనుల నుండి లాగికొనె నన్న మాట లేదని పలువురు పండితులు చదివియున్నారు. మఱియు ఈ పరంపరలో మనకు తెలిసిన పేరులన్నియు దాదాపుగా రాజోద్యోగుల కుటుంబములవే. అంగరక్షకులు, లేఖకులు, కోట కావలివారు వీరే గాని నాగలి పట్టినవారు కారు.

రెండవ కథ మనవారికి మఱింత ప్రియమైనది. దక్షిణ భారతమునుండి బోధిధర్ముడను బౌద్ధభిక్షువు చీనాకు పోయి, షావోలిన్ మఠమున నివసించి, అచ్చటి భిక్షువులకు పోరువిద్య నేర్పె ననియు, అదియే కరాటేకు మూల మనియు చెప్పుదురు. బోధిధర్ముడు ధ్యానమార్గమును చీనాలో స్థాపించిన గురువుగా పూజింపబడుట నిజము. కాని వ్యాయామమును ఆయనకు ముడిపెట్టిన గ్రంథము 17వ శతాబ్దమునాటిది. ఆయనకు వేయి సంవత్సరముల తరువాతది. అంతకు ముందటి రచనలలో ఆయన పిడికిలి యెత్తినట్లు లేదు. మనకు గౌరవము కలిగించు కథ యగుటచేతనే దానిని మఱింత జాగ్రత్తగా పరీక్షింపవలయును. పొరుగువాని పొలమున మన గట్టురాయి పాతుకొనుట యేవిధముగను కీర్తి కాదు. భారతదేశమునకు ఈ విద్యతో నిజమైన సంబంధ మొకటి గలదు. దానిని ముందు చెప్పెదను.

వ్రాతమూలకమైన ఆధారము కొఱకు మనము 1762వ సంవత్సరమునకు పోవలయును. ఆ యేట ర్యూక్యూ ఓడ యొకటి తుపానులో చిక్కి జపానునందలి తోసా తీరమునకు కొట్టుకొనివచ్చెను. తోసా పండితు డొకడు ఓడలోనివారిని పలు విషయముల నడిగి వ్రాసియుంచెను. అందు కుసాంకు అను చీనావాడు కొందఱు శిష్యులతో తమ దేశమునకు వచ్చె ననియు, చూచుటకు బక్కపలుచనివాడైనను తనకన్న బలిష్ఠులను నేర్పుతో పడగొట్టుచుండె ననియు ఓడవారు చెప్పిన మాట గలదు. షోటోకాన్ శాఖలో నేటికిని నేర్పు ఒక పెద్ద అభ్యాసక్రమమునకు కాంకు అని పేరు. పూర్వము దానిని కుషాంకు అనెడివారు. ఆ బక్కపలుచని మనుజుని పేరు ఇట్లు రెండు వందల యేబది యేండ్లకు పైబడి పిల్లల నోట నిలిచియున్నది.

అభ్యాసక్రమ మంటిని. దానిని వారి భాషలో కటా అందురు. మన కఱ్ఱసాములో వరుసలున్నట్లు, అడుగు తరువాత అడుగు, దెబ్బ తరువాత కాపు, నిర్ణయింపబడిన వరుసలో ఒంటరిగా చేయవలసిన సాధన యిది. ఒకినావా గురువులు తమ విద్యను గ్రంథములకెక్కింపక ఈ కటాలయందే నిక్షేపించిరి. వేదము వల్లెవేయు బాలునికి అర్థము తరువాత తెలియును, స్వరము ముందు నిలువవలయును. కటా నేర్చు శిష్యుని స్థితియు అట్టిదే.

ఇక గురువుల మాట. షోటోకాన్ వారు తమ పరంపరను స్పష్టముగా చెప్పుకొనునది మత్సుమురా సోకోన్ నుండి. ఈయన 19వ శతాబ్దమున షురి కోటలో రాజునకు అంగరక్షకుడై, ర్యూక్యూ చివరి రాజులు ముగ్గురను వరుసగా సేవించెను. రాజకార్యముపై చీనాదేశపు ఫూజౌ నగరమునకును, సత్సుమాకును పోయివచ్చెను. చీనాలో చేతిపోరును పరిశీలించెను; సత్సుమాలో వారి జిగెన్ శాఖ ఖడ్గవిద్య నభ్యసించెను. తన దేశము నణచి యుంచినవారి వద్దనే వారి కత్తిసాము నేర్చుకొని వచ్చిన యీతని బుద్ధి చాతుర్యము గమనింపదగినది. వృద్ధాప్యమున నొక శిష్యునకు ఆయన వ్రాసి యిచ్చిన లేఖ నిలిచియున్నది. చదువులో మూడు విధములు, పోరులో మూడు విధములు కలవనియు, ప్రదర్శనకై నేర్చునది నీచమనియు, తన్ను తాను నిగ్రహించుకొని ఎదిరి తొందరపడువఱకు వేచియుండునదే నిజమైన వీరవిద్య యనియు అందలి సారాంశము.

1879లో జపాను ప్రభుత్వము ర్యూక్యూ రాజ్యమును రద్దుచేసి, చివరి రాజగు షో తాయిని తోక్యోకు తరలించి, దీవులను ఒకినావా జిల్లాగా తనలో గలుపుకొనెను. రాజు పోయెను, కొలువు పోయెను. కొలువునే నమ్ముకొన్న కుటుంబములు ఒక్క పెట్టున దరిద్రములయ్యెను. మత్సుమురా శిష్యులైన అజాతో అంకో, ఇతోసు అంకో యను మిత్రు లిద్దఱును ఈ కూలిన కొలువునకు చెందినవారే. అజాతో ఒక గ్రామమునకు వంశపారంపర్యపు దొర. ఇతోసు రాజుగారి కొలువులో లేఖకుడు. కొలువు పోయినను విద్య మిగిలెను.

వీరి కిద్దఱకును శిష్యుడైనవాడు ఫునాకోషి గిచిన్. ఈయన 1868లో షురిలో చిన్న ఉద్యోగి కుటుంబమున జన్మించెను. నెలలు నిండక పుట్టిన బలహీనుడు. అజాతోగారి కుమారు డీతనికి సహపాఠి. ఆ స్నేహముచే అజాతో ఇంటికి చేరి, రాత్రివేళ శిష్యరికము మొదలిడెను. ఆ సాధన యెట్టిదో ఫునాకోషి తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. పెరటిలో శిష్యుడు ఒక్క కటానే మరల మరల చేయవలయును. గురువు అరుగుపై నిటారుగ కూర్చుండి, ప్రక్కన మినుకుమినుకుమను దీపముతో చూచుచుండును. ఇంకొకమాఱు అనుటయో, మఱికొంత అనుటయో తప్ప ఆయన నోట మాట రాదు. ఎన్ని నెలలకో బాగు అను నొక్కమాట వచ్చినచో ఆ కటా అయినట్లు; తరువాతి దానికి పోవచ్చును. ప్రతిరాత్రి యెక్కడికో పోయి తెల్లవాఱుజామున అలసి యిల్లు చేరు ఈ యువకుని జూచి ఇరుగుపొరుగువారు చెడుదారి పట్టినాడని చెవులు కొఱుకుకొనిరట. ఆయన పెదవి విప్పలేదు. విద్య రహస్యము గదా.

ఈ గురువు లిద్దఱి నడవడిలో నాకు మిక్కిలి నచ్చిన గుణ మొకటి గలదు. తమ శిష్యుడు రెండవవాని యొద్దకు పోయెనని వీరిలో నెవ్వరును అసూయ జెందలేదు. పైగా ఫలానావారి వద్ద ఫలానా మెలకువ గలదు, పోయి నేర్చుకొనుమని ఇతర గురువుల వద్దకును పంపిరి. శిష్యుని తమ సొత్తుగా భావింపని గురువులు ఏ కాలమునందైనను అరుదు.

ఫునాకోషి వైద్యుడు కావలె ననుకొనెను. కాని ఆ కాలమున పాతపద్ధతి సిగ ముడిచినవానికి ఆ కళాశాలలో ప్రవేశము లేదు. సిగ కోయించుట కులమునకు అప్రతిష్ఠ యని ఇంటివారు అంగీకరింపలేదు. తుదకు 1888లో ఆయన ప్రాథమిక పాఠశాలలో సహాయోపాధ్యాయుడై, ఉద్యోగమునకై సిగ తీసివేసెను. తల్లిదండ్రులు ఆతని తల జూచి దుఃఖించిరి. మన తాతలనాడు క్రాపు పెట్టించుకొన్న కుఱ్ఱవానికి ఇంటిలో జరిగిన సత్కారము విన్నవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కఱ లేదు. ఆ పిమ్మట ఆయన ముప్పది యేండ్లకు పైగా బడిపంతులుగనే యుండెను.

ఇంతలో ఇతోసు ఒక సాహసము చేసెను. 1901లో షురి ప్రాథమిక పాఠశాలలో ఈ విద్యను బహిరంగముగా పిల్లలకు నేర్పుట మొదలిడెను. 1905 నాటికి మాధ్యమిక పాఠశాలలోను, ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలోను నేర్పుచుండెను. పిల్లలకై పినాన్ అను పేర సులువైన కటాలు అయిదు కూర్చెను. ప్రాణాపాయకరములైన పట్టులను వెనుకకు నెట్టి, వ్యాయామమును ముందునకు తెచ్చెను. ఒక్కొక్క శిష్యునికి ఒంటరిగా నేర్పు విద్య నలుబదిమంది బాలురు ఒక్క ఆజ్ఞకు ఒక్కటిగ కదలు కవాతు వంటి దాయెను. 1908లో విద్యాశాఖవారికి పది అంశములతో నొక లేఖ వ్రాసి, శిక్షణ పాఠశాల నుండి వెడలు ఉపాధ్యాయులచే దీనిని పల్లెపల్లెకు నేర్పించినచో పదియేండ్లలో ఒకినావా అంతటను, ఆపై ప్రధానభూమికిని వ్యాపించు నని సూచించెను. 1915లో ఆయన మరణించెను. రహస్యమును బడికి తెచ్చినందున విద్య పలుచనయ్యెనని అనువారు నేటికిని కలరు. ఆ మాటలో నిజము లేకపోలేదు. కాని దానిని మూసిన తలుపుల వెనుకనే యుంచినచో ఆ తరముతోనే అంతరించి యుండెడిది. నిండుగా నశించుట మేలా, కొంత మార్పుతో బ్రదుకుట మేలా యను ప్రశ్న ఈ పరంపరలో ప్రతి గురువును ఎదుర్కొనినది.

1922లో తోక్యో నగరమున విద్యామంత్రిశాఖవారు వ్యాయామ ప్రదర్శన మొకటి యేర్పాటు చేసిరి. ఒకినావా పక్షమున ఫునాకోషి పోయెను. అప్పటి కాయనకు 53 ఏండ్లు. జూడో విద్యను స్థాపించిన కానో జిగొరో యను మహనీయుడు ఆయనను తన కోడోకాన్ శాలకు ఆహ్వానించి, విద్యను ప్రదర్శింపజేసి చూచి మెచ్చుకొనెను. తిరిగి పోవలసిన ఫునాకోషి అక్కడనే నిలిచిపోయెను. భార్య మాత్రము ఒకినావాలోనే యుండెను. పితృదేవతల సమాధులను, పూజలను విడిచి రాజాలనని యామె చెప్పెను.

తోక్యోలో ఆయన బ్రదుకు మన పాతకాలపు బడిపంతుళ్ల బ్రదుకునకు తీసిపోదు. ఒకినావా విద్యార్థుల వసతిగృహ మొకటి యుండెను. దాని వాకిట చిన్న గదిలో నివసించుచు, పగలు కావలివాడై, తోటమాలియై, ఊడ్చుచు, తుడుచుచు, సాయంకాలము అచ్చటి ఉపన్యాసశాలలో కరాటే నేర్పెను. చేతిలో పైకము లేక, వంటవానికి కరాటే నేర్పి భోజనపు ఖర్చు కొంత తగ్గింపించుకొనెను. ఒకనాడు వాకిలి ఊడ్చుచుండగా పత్రికకు సంబంధించినవా డొకడు వచ్చి కరాటే గురువు ఫునాకోషిగా రెక్కడ అని యడిగెను. కొంచెము తాళుడని చెప్పి ఆయన లోపలికి పోయి, మంచిబట్టలు కట్టి, వాకిటికి వచ్చి, ఫునాకోషిని నేనే యని నమస్కరించెనట. వచ్చినవాడు నిర్ఘాంతపోయెను. 1922లోనే ఆయన తన మొదటి గ్రంథమును ప్రకటించెను. 1923 సెప్టెంబరు 1వ తేదీన వచ్చిన మహాభూకంపమున దాని ముద్రణఫలకములు నాశమయ్యెను, శిష్యులు చెల్లాచెదరైరి. ఆయన మరల మొదలుపెట్టెను. 1924లో కెయియో విశ్వవిద్యాలయమున మొదటి కరాటే సంఘ మేర్పడెను. ఆ యేటనే జూడోవారి పద్ధతి ననుసరించి శిష్యులకు నల్లదట్టీ పట్టములను ఒసగెను. నేడు మన పిల్లలు కట్టు తెల్లని ఉడుపు, రంగు దట్టీ అన్నియు ఈ విధముగా జూడో నుండి వచ్చినవే. ఒకినావా పెరటిలో ఇవి లేవు.

ఇప్పుడు అన్నిటికన్న గంభీరమైన మార్పునకు వచ్చుచున్నాను. అది పేరు మార్పు. ఒకినావాలో ఈ విద్యను తోదే యని వ్రాసెడివారు. దానికి చీనాచేయి యని యర్థము. అందలి మొదటి యక్షరము చీనాదేశపు తాంగు రాజవంశమును సూచించును. ఆ యక్షరమునకే జపానులో కర అను ఇంకొక ఉచ్చారణ గలదు. కావున చీనాచేయి యని వ్రాసి కరాటే యని పలుకవచ్చును. కర యను అదే ధ్వనితో పలుకు వేఱొక యక్షరము గలదు. దాని యర్థము శూన్యము, రిక్తము. ఆ యక్షరముతో వ్రాసినచో రిక్తహస్తము, వట్టిచేయి యగును. పలుకు మాఱలేదు, అర్థము మాఱినది. శ్లేష యెఱిగిన మనకు ఇది సులభముగ బోధపడును. ఈ రెండవ వ్రాతను 1905లోనే ఒకినావా గురు వొకడు వాడెను. ఫునాకోషి దానిని స్వీకరించి, 1935లో ప్రకటించిన తన పెద్ద గ్రంథమున స్థిరపఱచెను. కటాల చీనా పేరులను గూడ తీసివేసి జపాను పేరులు పెట్టెను. పినాన్ హెయియన్ ఆయెను. కుషాంకు కాంకు ఆయెను.

దీనికి ఒకినావాలోను, తోక్యోలోను తీవ్రమైన ఆక్షేపణలు బయలుదేఱెను. తండ్రి పేరు చెఱిపి వేఱొక పేరు వ్రాసికొన్నట్లుగా పలువురికి తోచియుండవచ్చును. ఫునాకోషి సమాధాన మేమనగా, ఇది నిజముగా వట్టిచేతులతో చేయు విద్య. మఱియు అద్దము తన యెదుటనున్న దానిని తనలో నేమియు లేకుండుటచే చూపునట్లు, ఈ విద్య నభ్యసించువాడు మనసును స్వార్థము లేకుండ ఖాళీ చేసికొనవలయును. రూపమే శూన్యమను బౌద్ధసూత్రార్థమును ఆయన స్మరించెను. శ్రోతలారా, నేను ముందు చెప్పెదనన్న సంబంధ మిదియే. చీనా, జపాను బౌద్ధులు సంస్కృతమునందలి శూన్య శబ్దమునకు వాడిన యక్షరము ఈ కర యే. ఆ శూన్యవాదమును శాస్త్రముగ నిలిపినవాడు ఆచార్య నాగార్జునుడు. ఆయన మన కృష్ణానదీ తీరమున శ్రీపర్వతమున నివసించెనని సంప్రదాయము. నాగార్జునకొండ లోయ ఆయన పేరనే వెలసినది. ఆయన గ్రంథములు 5వ శతాబ్దారంభమున కుమారజీవునిచే చీనాభాషలోనికి వచ్చినవి. పిడికిలి మనము పంపలేదు. ఆ పిడికిలి తనకు పేరు వెదకుకొన్నప్పుడు దానికి దొరకిన భావము మాత్రము మన దేశమునుండి పోయినది. ఇంతవఱకు చెప్పుట నిజము. ఇంతకు మించి చెప్పుట అతిశయోక్తి.

ఐనను చరిత్రకారుడు రెండవ కారణమును మఱుగుపఱుపరాదు. 1931 నుండి జపాను సైన్యము చీనా భూములలో జొరబడుచుండెను. 1937లో పూర్ణయుద్ధము వచ్చెను. అట్టి జపానులో చీనాచేయి యను పేరుతో నొక విద్య బ్రదికి బట్టకట్టుట కష్టము. పైగా ఒకినావావారిని ప్రధానభూమివారు చిన్నచూపు చూచు దినములవి. 1936 అక్టోబరు 25వ తేదీన నాహాలో గురువులందఱు సమావేశమై రిక్తహస్తమను వ్రాతనే అంగీకరించిరి. ఆ దినమునే 2005 నుండి ఒకినావాలో కరాటే దినముగా జరుపుచున్నారు. నా యభిప్రాయమున ఫునాకోషి చెప్పిన తత్త్వము కపటము కాదు. కాలపు ఒత్తిడియు అబద్ధము కాదు. రెండును నిజములే. అల్పజాతి తన విద్యను పెద్దయింటిలో నిలుపుకొనుటకు చెల్లించిన సుంకమది. చీనా గురువుల ఋణము పేరునుండి తొలగినది, కటాలనుండి తొలగలేదు.

షోటోకాన్ అను పేరును ఫునాకోషి తాను పెట్టలేదు. షురి దాపున దేవదారువృక్షముల తోపుతో నిండిన కొండ యొకటి గలదు. యౌవనమున ఆయన అచ్చట నొంటరిగ తిరుగుచు, గాలికి ఆ చెట్లు చేయు అలల వంటి సవ్వడిని వినుచుండెను. కవితలు వ్రాసికొన్నప్పుడు షోటో యని, అనగా దేవదారు తరంగములని, మాఱుపేరు పెట్టుకొనెను. శిష్యులు చందాలు వేసి తోక్యోలో సాధనశాల కట్టించి, ద్వారముపై షోటోకాన్, అనగా షోటోగారి శాల, అని వ్రాసిరి. అదియే శాఖకు పేరైనది. ఆయన మాత్రము కరాటే యంతయు ఒక్కటే, శాఖలు వలదని చెప్పుచుండెను. ఆయన కుమారుడు గిగో అడుగులను విశాలముగను, తన్నులను ఎత్తుగను మార్చెను. నేడు మనము చూచు షోటోకాన్ రూపమునకు ఆ కుమారుని చేయి చాల గలదు.

1945 ఈ పరంపరకు ప్రళయము. వైమానిక దాడులలో సాధనశాల భస్మమయ్యెను. ఆ యేటనే గిగో క్షయవ్యాధిచే మరణించెను. ఏప్రిలు మొదలు జూను వఱకు ఒకినావాలో జరిగిన యుద్ధమున ఇరు సైన్యములవారు, సామాన్యజనులు గలసి 2 లక్షలకు పైగా చనిపోయిరి. షురి కోట నేలమట్టమయ్యెను. ప్రాణములతో బయటపడిన భార్య క్యూషూ దీవికి చేరెను. ఫునాకోషి అచ్చటికి పోయి యామెతో నుండెను. 1947లో యామెయు మరణించెను. డెబ్బది తొమ్మిదవ యేట, ఇల్లు, శాల, భార్య, కుమారుడు గిగో లేని వృద్ధుడై ఆయన తోక్యోకు తిరిగివచ్చెను. శిష్యులు వచ్చి నేర్పుమని యడిగిరి. ఆయన నేర్పెను.

1949లో శిష్యులు జపాను కరాటే సంఘమును స్థాపించి ఆయనను గౌరవాధ్యక్షునిగా నిలిపిరి. నకయామా మసతోషి యను శిష్యుడు దానికి ముఖ్యబోధకుడై శిక్షితులైన గురువులను దేశదేశములకు పంపెను. మఱికొందఱు శిష్యులు షోటోకాయి యను వేఱొక సంఘముగ నిలిచిరి. 1957 ఏప్రిలు 26వ తేదీన ఫునాకోషి కన్నుమూయగా, అంత్యక్రియలు ఎవరు నడుపవలయునను విషయముననే ఈ రెండు పక్షములు విడిపోయినవి. తండ్రి పోయిన యింట అన్నదమ్ముల తగవు మనకు క్రొత్త గాదు. ఆ యేటనే మొదటి జపాను కరాటే పోటీలు జరిగినవి; గెలుపోటముల పోటీలను ఆయన యెన్నడును ఇష్టపడియుండలేదు. కమకురా పట్టణమునందలి ఎంగాకుజి దేవాలయమున 1968లో ఆయన స్మారకశిల నిలిపిరి. కరాటేలో మొదటి దెబ్బ మనది కారాదను ఆయన నియమము దానిపై చెక్కబడియున్నది.

తరువాతి సంగతులు క్లుప్తముగ చెప్పెదను. ఇతోసు శిష్యుల నుండియే మఱికొన్ని శాఖలు వెలసినవి. మబుని కెన్వా స్థాపించిన షితో శాఖ అందొకటి. 2021లో తోక్యో ఒలింపిక్ క్రీడలలో కరాటే చేర్పబడెను. కటా పోటీలో స్వర్ణపతకము గెలిచినవాడు ఒకినావావాడే, కియునా ర్యో. మరల కట్టిన షురి కోట 2019లో అగ్నికి ఆహుతి కాగా దానిని మరల కట్టబూనిరి. కోటలు కూలుచుండును, లేచుచుండును. ఆ దీవివారికి ఇది అలవాటైన పని.

ఇక నేను చెప్పదలచిన తుదిమాట. ఈ పరంపరలో మాఱనిది ఏదని వెదకితిని. పేరు మాఱినది, లిపి మాఱినది, వేషము మాఱినది, అడుగు మాఱినది, దేశమే మాఱినది. ఒక్క వరుస మాత్రము తెగలేదు: ఒకడు చేయుచుండగా, అంతకు ముందు చేసినవాడు కూర్చుండి చూచి ఇంకొకమాఱు అనుట. మత్సుమురా ఇతోసును, అజాతోను చూచెను. వారు ఫునాకోషిని చూచిరి. ఆయన వేలమందిని చూచెను. పరంపర యనగా మాఱకుండుట కాదని, తాను చేసినదానికి పైవానికి జవాబుదారి యగుట యని నాకు తోచుచున్నది. వేయేండ్ల బోధిధర్ముని కల్పించుకొననక్కఱ లేదు. వాకిలి యూడ్చిన బడిపంతులు చాలును. అట్టి గురువు దొరకిన విద్య కరాటే యైనను, కఱ్ఱసామైనను, మృదంగమైనను నిలుచును. అట్టి చూచువాడు లేనప్పుడు ఎన్ని రంగుల దట్టీలు కట్టినను అది వేషమే యగును.